అద్దానికి బయటి చేతులు

సంపత్ పోయిన రోజు మంగళవారం. నేను ఏడో తరగతికి భిన్నాల తీసివేత చెబుతున్నాను. ప్యూను గుమ్మం దగ్గర నిలబడి, హెడ్‌మిస్ట్రెస్ గారు వెంటనే రమ్మంటున్నారని చెప్పాడు. బోర్డు మీద లెక్క పూర్తి చేశాను. జవాబు కింద గీత గీశాను. సుద్దముక్క డబ్బాలో పెట్టి, చేతులు దులుపుకుని వెళ్ళాను. ఆ లెక్క ఎందుకు పూర్తి చేశానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అప్పటికి నాకేమీ తెలియదు కాబట్టి పూర్తి చేశాను. అంతే.

నా తమ్ముడు సంపత్‌కుమార్ పుత్తూరులో ఒక ఐ.టి.ఐ.లో డ్రాయింగ్ మాస్టరు. ఆ ఉదయం తన కారులో పనికి పోతూ వడమాలపేట మలుపులో వానలో చిక్కుకున్నాడు. ఎదురుగా ఒక లారీ వచ్చింది. దాని గాలి విసురుకు కారు ముందద్దం పైఅంచు రబ్బరులో నుంచి ఊడి వచ్చింది. సంపత్ స్టీరింగు వదిలి ఒక చేయి పైకెత్తి అద్దాన్ని పట్టుకోబోయాడని లారీ క్లీనరు చెప్పాడు. కారు కల్వర్టును తగిలింది. అద్దం చెరకు తోటలో బురదలో పడింది. అది పగల్లేదు. తోట రైతు దాన్ని గోనెపట్టాలో చుట్టి మూడో రోజు మా ఇంటికి తెచ్చి ఇచ్చి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆ కారు ఇంగ్లండులో తయారైనది. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు. సత్యవేడు దగ్గర ఒక తోట బంగళా షెడ్డులో పదేళ్ళు కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న దాన్ని సంపత్ కొని, ఎద్దులబండి వెనక కట్టి రోడ్డు దాకా లాగించుకుని, అక్కణ్ణుంచి లారీలో తెచ్చాడు. మా అమ్మ రంగనాయకి దాన్ని చూసి, "సగం కారే తెచ్చినావేమిరా, మిగతా సగం యాడ పెట్టినావు?" అని అడిగింది. సంపత్ చాలా రోజులు ఆ మాట అందరికీ చెప్పి నవ్వాడు. రెండేళ్ళు ఆదివారాలన్నీ ఆ కారుకే పోయాయి. తోడు పనిచేసినవాడు ఇద్రీస్. బస్టాండు వెనక షెడ్డులో బండ్లు బాగుచేస్తాడు.

మా నాయన వేంకటాచలపతి గారు దేవస్థానం ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. కర్మలు ముగిసిన మర్నాటి నుంచి ఆయన ఒకటే మాట చెబుతున్నారు. అద్దం సరిగ్గా బిగించి ఉంటే సంపత్ బతికేవాడు. ఆ మాట వీధిలో చెప్పారు, గుడి దగ్గర చెప్పారు, పాత ఆఫీసులో చెప్పారు. ఎవరూ కాదనలేదు. కొడుకు పోయినవాడితో ఎవరు వాదిస్తారు? మా వీధి స్కూటర్లు ఇద్రీస్ షెడ్డుకు పోవడం మానేశాయి. తర్వాత పక్క వీధివీ మానేశాయి.

కిందటి ఆదివారం నాయన నన్ను కూర్చోబెట్టి పోలీసు సూపరింటెండెంటు గారికి ఒక అర్జీ చెప్పి రాయించారు. నా దస్తూరి బాగుంటుంది. 'ఇద్రీస్ అను మెకానిక్కు అద్దమును బిగించినాడు' అని ఆయన చెప్పారు. వాక్యం పలుచగా ఉందనిపించి 'స్వహస్తములతో' అని నేను కలిపాను. ఆయన చదువుకుని, ఆ మాట దగ్గర కొంచెంసేపు ఆగి, తలూపారు. ఆ ఆగడం కూడా నాకు గుర్తుంది. తప్పులు చూసి ఇస్తానని చెప్పి ఆ కాగితం నా లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాను. తప్పులేమీ లేవు. అయినా రెండు రోజులు ఇవ్వలేదు.

అర్జీ రాయడానికి ముందురోజే, శనివారం నాడు, పోస్టులో ఇంగ్లండు నుంచి పార్సెల్ వచ్చింది. పైన సంపత్ పేరు. లోపల సుద్దపొడి చల్లిన నల్లటి రబ్బరు చుట్ట, మెరిసే సన్నటి పట్టీ, అచ్చువేసిన ఒక కాగితం. ఆ కారు అద్దానికి అసలైన రబ్బరు కావాలని సంపత్ శ్రావణానికి ముందే ఆ కంపెనీకి ఉత్తరం రాశాడు. అది రావడం ఆలస్యమవుతుందని, అంతదాకా ఉండనీ అని మద్రాసు నుంచి వేరే రబ్బరు తెప్పించి బిగించారు.

పార్సెల్ సంగతి ఇద్రీస్‌కు ఎలా తెలిసిందో తెలియదు. సోమవారం బడి గేటు బయట నిలబడి ఉన్నాడు. సైకిలు దిగాడు గాని, హ్యాండిలు వదల్లేదు. అది మాస్టరు ఆశపడి తెప్పించుకున్న వస్తువని, దాన్ని ఎక్కించి పోతానని, తన చేతిపని ఎలా ఉంటుందో ఒకసారి నా కళ్ళతో చూసి, ఆ తర్వాత మా ఇష్టం వచ్చినట్టు చేసుకోమని చెప్పాడు. అర్జీ మాట అతనికి తెలుసో లేదో నేను అడగలేదు. మంగళవారాలు నాయన అలిపిరి దాకా నడిచి, తన పాత స్నేహితుడు దొరస్వామి గారింట్లో భోంచేసి, సాయంత్రానికి గాని రారు. మంగళవారం మధ్యాహ్నం రమ్మన్నాను. ఒంటిపూట సెలవు పెట్టాను.

అలా సంపత్ పోయాక తొంభై ఒకటో రోజు కూడా మంగళవారమే అయింది.

ఇద్రీస్ ఒక బకెట్టు, సబ్బు ముక్క, పాత దుప్పటి, పెన్సిలు లావు నైలాన్ తాడు తెచ్చాడు. తోడు ఎవరూ రాలేదు. పనివాళ్ళు ఇద్దరూ వేరే షెడ్లకు పోయారట. మా పెరటి షెడ్డులో రేకుల కింద కారు మేం వదిలేసినట్టే ఉంది. ఎడమ మడ్‌గార్డు లోపలికి నొక్కుకుపోయి ఉంది. సీట్లను మాత్రం ఎవరో తుడిచారు. అమ్మ అయి ఉంటుంది.

అద్దం ఊడిన చట్రానికి పాత రబ్బరు ఇంకా వేలాడుతోంది. ఇద్రీస్ దాన్ని కత్తితో కోసి ముక్కలుగా గోనెసంచి మీద వేశాడు. ఒక ముక్క వేళ్ళ మధ్య నలిపాడు. అది మెత్తగా సాగి వేలికి అంటుకుంది.

"చూడండి టీచరమ్మా. నాలుగు నెల్లు గాకముందే ఇట్ల పిండి మాదిరి అయిపొయినాది. మద్రాసులో ఆ అంగడోడు నాసిరకం ఇచ్చినాడు." వేలిని గోనెసంచికి తుడుచుకున్నాడు. "వాణ్ని అనేది దేనికిలే. ఏరుకొచ్చింది నేను గదా."

అతనికి ఇంగ్లీషు చదవడం రాదు. కాగితంలో ఏముందో చెప్పమన్నాడు. నేను క్లాసులో చదివినట్టు ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. ముందు రబ్బరును అద్దం చుట్టూ తొడగాలి. రబ్బరు బయటి గాడిలో తాడు పరిచి, రెండు కొసలూ కింద మధ్యలో ఒకదాని మీదొకటి వచ్చేట్టు లోపలికి వదలాలి. అద్దాన్ని చట్రానికి ఆనించాలి. ఒకరు బయట నుంచి అరచేతులతో అదుముతుండగా ఇంకొకరు లోపల నుంచి తాడు లాగాలి.

తర్వాతి వాక్యం లావు అక్షరాల్లో ఉంది. నూనె గాని గ్రీజు గాని రబ్బరుకు తగలనివ్వకూడదు. నూనె తగిలిన రబ్బరు కొన్నాళ్ళకు ఉబ్బి, మెత్తబడి, అద్దాన్ని వదిలేస్తుంది. సబ్బు నీళ్ళు మాత్రమే వాడాలి.

ఆ వాక్యాన్ని నేను రెండుసార్లు చదివాను. బయటికి మాత్రం, "సబ్బు నీళ్ళు వాడాలి," అని చెప్పాను.

"అది తెలిసిందే గదా," అన్నాడు ఇద్రీస్, బకెట్టులో నురగ కలుపుతూ.

ఆ పాత రబ్బరుతో అద్దం బిగించిన రోజు శ్రావణ శుక్రవారం. బడికి సెలవు. నేను వంటింట్లో ఉన్నాను. సంపత్ పెరటి తలుపు నుంచి తొంగిచూసి, "అక్కా, రవంత నూనె ఇయ్యి. రబ్బరు ఎక్కడం లేదు," అన్నాడు. చొక్కా లేదు, ముక్కు మీద నలుపు. నేను చేతికందిన గిన్నె చూశాను. దీపానికని తీసిపెట్టిన నువ్వుల నూనె. అందులో సగం వంచి ఇచ్చాను. దేవుడి నూనె గదా, కారుకు మంచిదే అన్నాను. అతను నవ్వాడు.

ఇద్రీస్ అద్దాన్ని దుప్పటి మీద పెట్టి కొత్త రబ్బరు తొడగడం మొదలుపెట్టాడు. మూలల దగ్గర బొటనవేలితో నొక్కి, చుట్టూ వెళ్ళి, మళ్ళీ మొదటి మూలకు వచ్చి చూసుకున్నాడు. తాడును గాడిలో పరిచాడు. ఇద్దరం అద్దాన్ని ఎత్తి చట్రానికి ఆనించాం. అది నేననుకున్న దానికంటే బరువుగా ఉంది.

"మీరు లోపల కూర్చోవాల," అన్నాడు. చెప్పడానికి ఇష్టం లేనట్టు చెప్పాడు.

సంపత్ కూర్చునే సీటు కాకుండా పక్క సీట్లో కూర్చున్నాను. కాళ్ళు చాలా ముందుకు చాపాల్సి వచ్చింది. కప్పు తీసి ఉంది కాబట్టి ఇద్రీస్ మాట అద్దం పైనుంచి వినిపిస్తోంది. అద్దం వెనక అతని రెండు అరచేతులు తెల్లగా వెడల్పుగా కనిపిస్తున్నాయి.

"నా చేయి యాడుంటే ఆడ లాగండి. నిదానం. మీదికి గాదు, మీ దిక్కుకు."

తాడు లాగాను. రబ్బరు పెదవి ఒక్కో అంగుళమే రేకు అంచు మీదుగా లోపలికి మడతపడుతూ వచ్చింది. అతని చేయి జరిగినచోటల్లా నేను లాగాను. మూల దగ్గర తాడు ఆగిపోయింది. అతను బయటి నుంచి గట్టిగా అదిమాడు. తాడు కదిలింది. అతను అదమకపోతే నేను ఎంత లాగినా లాభం లేదు. నేను లాగకపోతే అతను ఎంత అదిమినా లాభం లేదు. ఒక్కరితో అయ్యే పని కాదని చేతులకు తెలిసింది.

పైఅంచు దాకా వచ్చాక అడిగాను.

"మొదట అద్దం ఎక్కించిన రోజు లోపల కూర్చున్నది సంపత్ కదా?"

"ఊ."

"బయట మీరు."

అద్దం మీద అరచేతులు ఆగిపోయాయి. ఇరవయ్యేళ్ళు కావస్తోంది నేను బడిలో చేరి. జవాబు తెలియని పిల్ల మౌనం ఒకలా ఉంటుంది, తెలిసి చెప్పలేని పిల్ల మౌనం ఇంకోలా ఉంటుంది.

"బయట ఎవరు, ఇద్రీస్ భాయ్?"

"ముందు ఇది ఎక్కనీండి టీచరమ్మా."

"నేను తాడు పట్టుకునే ఉన్నాను. చెప్పండి."

అతను అద్దానికి అటువైపు నుంచి నన్ను చూడలేదు. రబ్బరును చూస్తూ చెప్పాడు.

"నేను నమాజుకు పొయింటి. శుక్రవారం గదా. రాహుకాలం దాటినాక, ఒంటిగంట లోపల అద్దం ఎక్కి పూజ అయిపోవాలని మీ నాయన ముహూర్తం పెట్టినారు. గంటలో వచ్చేస్తా, వచ్చినాక ఎక్కిద్దాం సామీ అన్నాను. తిరిగొచ్చేసరికి ఎక్కిచ్చేసినారు. లోపల మాస్టరు. బయట మీ నాయన."

తాడు నా చేతిలో ఉంది. దాన్ని వదలకూడదని మాత్రం గుర్తుంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నాయన షెడ్డు నుంచి వచ్చి, రెండు అరచేతులూ తుండుతో తుడుచుకుంటూ, శీకాయ పొడి కావాలన్నారు. జిడ్డు పోవడం లేదన్నారు. నేనే చెంబుతో నీళ్ళు పోశాను. హారతి పళ్ళెం జిడ్డు అనుకున్నాను. తర్వాత ఆ తుండును అమ్మ రెండుసార్లు ఉతికింది.

"మూడు నెలల నుంచి ఈ మాట ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"ఎవురికి చెప్పాల? బిడ్డను పోగొట్టుకున్నాయనతో, నీ చేతుల్తోనే ఎక్కించినావు సామీ అని యెట్ల అంటాను? నాకూ బిడ్డలుండారు." అతను చొక్కా చేతికి ముఖం తుడుచుకున్నాడు. "నేనేం మంచోణ్ణని చెప్పడం లేదు. నా తప్పు నాకుండాది. వచ్చి చూస్తే ఈ పైమూల రబ్బరు సరిగ్గా కూచోలేదు. వేలు పెడితే జారినట్టుండె. సబ్బు ఆరలేదేమో అనుకున్నా. ఊడదీసి మళ్ళా ఎక్కిచ్చాల్సింది. కానీ అప్పటికే అద్దం మీద తిరునామం పెట్టేసినారు. కర్పూరం ఇంగా వెలుగుతా ఉండాది."

"అయితే?"

"నామం తుడిస్తే గదా అద్దం ఊడదీసేది. సాయిబు నామం తుడిచినాడని మాట వస్తాది. మీ నాయన అనడు. మాస్టరు అసలే అనడు. వీధిలో ఎవురో ఒకరు అంటారు. రేపు చూద్దాంలే అని పొయినాను. మర్నాడు మాస్టరు పుత్తూరు పొయి, నవ్వుకుంటా తిరిగొచ్చినాడు. ఇంగ బాగుండాదిలే అనుకున్నా."

అతను మళ్ళీ అద్దం మీద చేతులు పెట్టాడు. నేను తాడు లాగాను. మిగిలింది ఒక మూర. తాడు కొస చివరికి ఊడి నా ఒడిలో పడింది. ఇద్రీస్ చుట్టూ తిరిగి ప్రతి మూలా పిడికిలితో తట్టి చూశాడు. చప్పుడు ఒకేలా వచ్చింది.

"కూచునింది," అన్నాడు. "కానీ ఇది ఇంగా లాక్ గాలేదు. ఈ పట్టీ గాడిలో ఎక్కితేనే రబ్బరు బిగుసుకుని అద్దాన్ని పట్టేది. పట్టీ లేకుంటే తోస్తే వచ్చేస్తాది. పావుగంట పని."

ఒక్క నిమిషం ఉండమని చెప్పాను. జారినట్టు ఎందుకుందో నాకు తెలుసు. అతనికి చెప్పాలి. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. లెక్కల పుస్తకంలో ఉన్న అర్జీ తీసి చింపాలి. సాయంత్రం నాయన వచ్చాక, ఎందుకు చింపానో ఆయన ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో ఇంట్లోకి నడుస్తూ ఆలోచించాను. 'నాయనా, తప్పులు చూడమన్నారు కదా' అని మొదలుపెడదామనుకున్నాను. 'స్వహస్తములతో' అనే మాట దగ్గర ఆయన ఎందుకు ఆగారో ఇప్పుడు తెలుసు. ఆ మాట ఆయనది కాదు. నాది.

పుస్తకం బల్ల మీదే ఉంది. అందులో కాగితం లేదు. పుస్తకాన్ని తిరగేసి దులిపాను. పాత ప్రశ్నపత్రం ఒకటి పడింది.

అమ్మ వంటింటి గడప దగ్గర బియ్యం ఏరుతోంది. చాటలో నుంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"మీ నాయన ఏడున్నర బస్సుకే చిత్తూరు పొయినాడు. నువ్వు రాసిచ్చిన కాగితం ఇయ్యాలంట."

"నేను ఇవ్వలేదమ్మా."

"నీ పుస్తకంలో ఉన్నింది, తీసుకున్నాడు. నువ్వు రాసిందే గదా."

"దొరస్వామి గారింటికి పోలేదా?"

"పోలేదు." అమ్మ ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. "చిత్తూర్లో పోలీసాఫీసులో ఎవురితోనో మొన్ననే మాట్లాడి పెట్టుకున్నాడంట. సాయంత్రం పోలీసోళ్ళు వచ్చి కారు చూస్తారంట. పాత రబ్బరు, అద్దం ఎట్లుండేవి అట్లే ఉండాలంట. ఎవురూ తాకగూడదని నీతో చెప్పమన్నాడు. పొద్దున నువ్వు బడికి తొందరలో ఉండావు, చెప్పేది మరిచిపొయినా."

గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది. నేను అమ్మ పక్కన కూర్చోవాలనుకుని కూర్చోలేదు. పెరటి తలుపు దగ్గరికి వెళ్ళాను.

అక్కణ్ణుంచి షెడ్డు మొత్తం కనిపిస్తుంది. నేల మీద గోనెసంచి, దాని మీద పాత రబ్బరు ముక్కలు. బకెట్టులో సబ్బు నురగ. ఇద్రీస్ మెరిసే పట్టీని గుడ్డతో తుడుస్తూ నా కోసం ఎదురు చూస్తున్నాడు. నన్ను చూసి పట్టీ కొస ఎత్తి చూపించాడు, ఒక చేయి వేయమన్నట్టు.

అద్దం చట్రంలో కూర్చుంది. లాక్ పట్టీ ఇంకా ఎక్కించలేదు. నూనె ఇచ్చింది నేనని, అర్జీ రాసింది నేనని, ఇద్రీస్‌కు ఇంకా చెప్పలేదు.